పాత పికప్ కమాన్ కట్ట బోల్టు పట్టేసిందా? సమ్మెట ఎత్తే ముందు ఇవి తెలుసుకోండి!

చౌడేపల్లె: తెల్లారేసరికి టమాటా లోడు మదనపల్లె మార్కెట్‌లో ఉండాలి. ముందు రోజు సాయంత్రం చూస్తే బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. కింద పడుకుని చూస్తే కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగింది. పట్టీ మార్చడం పెద్ద పనేం కాదు. కానీ దాన్ని పట్టుకుని ఉన్న బోల్టు మాత్రం కదలదు. పానా జారుతుంది, నట్టు మూలలు అరిగిపోతాయి. చివరికి ఎవరో ఒకరు సమ్మెట తెస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో పంట కదలాలంటే పికప్ బండే దిక్కు. టమాటా, కూరగాయలు, పాల క్యాన్లు, ఎరువుల మూటలు, పశువులు.. అన్నీ దాని మీదే. బోయకొండ గంగమ్మ దగ్గరికి మొక్కులకు వెళ్లే సామాను కూడా దాని మీదే. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా 42వ నంబర్ జాతీయ రహదారి ఉంది. కానీ తోట దగ్గర లోడు ఎత్తాలంటే బండి మట్టిదారిలోకి దిగాల్సిందే. కమాన్ కట్టలు దెబ్బతినేది ఎక్కువగా ఆ గతుకుల్లోనే.

సీజన్‌లో ఒక్క రోజు బండి ఆగినా నష్టమే. 2023 జులైలో మదనపల్లెలో కిలో టమాటా వంద రూపాయలు దాటి పరుగులు పెట్టిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అలాంటి రోజుల్లో బండి రిపేరులో ఉంటే ఆ బాధ ఎలా ఉంటుందో ఓనర్‌కే తెలుసు. అందుకే తొందరపడతారు. ఆ తొందరలో 20 నిమిషాల్లో బోల్టు ఊడదీయబోయి ఛాసిస్ బ్రాకెట్ వంచుకున్నవాళ్లు, చేతులు నలగ్గొట్టుకున్నవాళ్లు ఉంటారు. మరి మొండిగా పట్టేసిన బోల్టును ఎలా తీయాలి? ఏది వదులుకోవచ్చు, దేన్ని కాపాడుకోవాలి? వివరంగా చూద్దాం.

ముందు కింద ఏముందో తెలియాలి

పికప్ వెనక భాగంలో బరువు మోసేది కమాన్ కట్ట. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు అవి. అన్నిటికన్నా పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు చివర్లూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ గుండ్రటి కంట్లో బుష్, బుష్ లోపల బోల్టు లేదా పిన్ను ఉంటుంది.

ముందు చివర ఛాసిస్ బ్రాకెట్‌కి నేరుగా బిగిస్తారు. వెనక చివర మాత్రం రెండు ప్లేట్ల మధ్య ఊగుతుంటుంది. దాన్నే షేకిల్ అంటారు. బరువు పడినప్పుడు వంగి ఉన్న కట్ట సాపు అవుతుంది, అంటే పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడానికే షేకిల్ ఊగాలి. షేకిల్ పట్టేస్తే కట్టకు ఆడే చోటు ఉండదు. అప్పుడు గతుకు దెబ్బ నేరుగా ఛాసిస్‌కి తగులుతుంది.

మధ్యలో కట్టను ఇరుసుకు కట్టిపడేసేవి యూ బోల్టులు. పట్టీలన్నీ పక్కకు జరగకుండా మధ్యలో గుచ్చి ఉండేది సెంటర్ బోల్టు. ఇవి కాక షాక్ అబ్జార్బర్ పైనా కిందా ఒక్కో బోల్టు. పాత బండిలో సాధారణంగా మొండికేసేవి ఇవే: షేకిల్ పిన్నులు, ముందు కంటి బోల్టు, యూ బోల్టు నట్లు, షాక్ కింది బోల్టు.

ఎందుకు పట్టేస్తాయి?

మొదటి కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతే చోటులో ఉండదు. దాని పరిమాణం రెట్టింపుకు పైగా పెరుగుతుంది. బోల్టుకీ బుష్ లోపలి ఇనుప గొట్టానికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. తుప్పు ఉబ్బి ఆ సందును పూడ్చేసి, రెండిటినీ ఒకే ముక్కలా చేసేస్తుంది. అందుకే నట్టు ఊడినా బోల్టు బయటికి రాదు.

మాది ఎండ సీమ కదా, ఇక్కడ అంత తుప్పు ఎక్కడిది అనుకోవచ్చు. గాలిలో తేమ తక్కువే కావచ్చు, కానీ మనం బండిలో ఎత్తే సరుకు చూడండి. పొటాష్ ఎరువులో ఎక్కువగా వాడేది పొటాషియం క్లోరైడ్. అది ఉప్పు లాంటిదే. మూట చినిగి రాలిన గింజలు తడిస్తే ఇనుమును తినేస్తాయి. చితికిన టమాటా రసం పులుపే, అంటే ఆమ్లమే. పశువుల మూత్రం, పేడ సంగతి చెప్పక్కర్లేదు. వీటిని పైపైన కడిగినప్పుడు మురికి నీళ్లు కారేది కింద ఉన్న కమాన్ కట్ట మీదికే. పట్టీల మధ్య పేరుకున్న తడి మట్టి రోజుల తరబడి ఆరదు.

రెండో కారణం గ్రీజు పెట్టకపోవడం. కొన్ని బండ్లకు షేకిల్ పిన్నులో గ్రీజు నిపుల్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే లోపలున్న పాత గ్రీజు గట్టిపడి రాయిలా మారుతుంది.

మూడో కారణం చాలామంది పట్టించుకోనిది. బోల్టు మీద పక్క బరువు పడటం. తుప్పు లేకపోయినా బండి బరువు బోల్టును ఒక పక్కకు నొక్కుతుంటే అది బయటికి రాదు. ఇలాంటి బోల్టుకు ఆయిల్ పోసినా, సుత్తితో కొట్టినా ఉపయోగం లేదు. జాకీని ఒక అంగుళం పైకో కిందికో ఆడిస్తే చేతితోనే వచ్చేసే సందర్భాలు కూడా ఉంటాయి.

బండి కింద దూరే ముందు..

ఇది చదివి మిగతాది వదిలేసినా ఫర్వాలేదు. ఈ భాగం మాత్రం వదలొద్దు.

హ్యాండ్ బ్రేక్ వేశాను, గేరులో పెట్టాను అని ధైర్యంగా కిందికి దూరతారు. పికప్ బండ్లలో హ్యాండ్ బ్రేక్ సాధారణంగా పట్టేది వెనక చక్రాలనే. గేరు కూడా వెనక చక్రాలనే ఆపుతుంది. ఇప్పుడు మీరు జాకీతో ఎత్తింది ఏది? ఆ వెనక చక్రాలనే! అవి గాల్లోకి లేవగానే హ్యాండ్ బ్రేకు, గేరు రెండూ ఉన్నా లేనట్టే. ముందు చక్రాలు దొర్లితే బండి జాకీ మీద నుంచి జారిపోతుంది. అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు గట్టిగా ఆనించాలి.

జాకీ ఎత్తడానికే. దాని మీద బండిని నిలబెట్టి కింద పని చేయకూడదు. ఛాసిస్ రెండు పక్కలా స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకపోతే వెడల్పాటి గట్టి కొయ్య దిమ్మెలను అడ్డంగా నిలువుగా పేర్చాలి. ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు, రాళ్లు వద్దు. ఇటుక, సిమెంట్ దిమ్మె పగిలేముందు హెచ్చరించవు, ఒక్కసారిగా ముక్కలవుతాయి. రాయి దొర్లిపోతుంది. మట్టి నేల అయితే స్టాండు కింద మందపాటి పలక వేయాలి.

ఛాసిస్ స్టాండ్ల మీద నిలిచాక, ఇరుసు కింద వేరేగా జాకీ పెట్టాలి. ఈ జాకీతోనే కట్ట మీద బరువును తగ్గించాలి. కట్ట పూర్తిగా వేలాడకూడదు, పూర్తిగా నొక్కుకుపోకూడదు. షేకిల్ ప్లేట్లు చేతితో కాస్త ఆడాయంటే సరైన ఎత్తు దొరికినట్టే. ఇరుసు మరీ కిందికి దిగితే బ్రేక్ హోస్ పైపు లాగుకుని తెగే ప్రమాదం ఉంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఇంకో మాట. రెండు పక్కల కట్టలూ ఒకేసారి విప్పొద్దు. ఒక పక్క పని పూర్తయ్యాకే రెండో పక్క. విప్పని కట్ట ఇరుసును దాని చోట పట్టి ఉంచుతుంది. లేదంటే ఇరుసు తిరిగిపోయి, మళ్లీ కూర్చోబెట్టడానికి నలుగురు కావాల్సి వస్తుంది.

ఏది పోయినా ఫర్వాలేదు? ఏది పోకూడదు?

పని మొదలుపెట్టే ముందే ఈ వరుస మనసులో పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు వదులుకోవాల్సింది బోల్టు. తర్వాత బుష్. ఆ తర్వాత షేకిల్ ప్లేటు. ఈ మూడూ కొత్తవి దొరుకుతాయి, ఎలాగూ మార్చాల్సినవే.

పోకూడనివి మూడు: ఛాసిస్, ఛాసిస్‌కి ఉన్న బ్రాకెట్, బాగున్న పట్టీలు. వీటిలో ఏది పాడైనా ఒక పూట పని వారం పని అవుతుంది. బ్రాకెట్ వంగితే ఇరుసు వంకర కూర్చుంటుంది. అప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు అరుగుతాయి. చాలామంది చేసే తప్పు ఏంటంటే, పాత బోల్టును కాపాడబోయి బ్రాకెట్ పాడు చేసుకోవడం.

ఇక అసలు పని.. మెట్టు మెట్టుగా

1. శుభ్రం చేయండి: నట్టు బయట కనిపించే త్రెడ్ మీద మట్టి, తుప్పు ఉన్నంత వరకు నట్టు అక్కడి దాకా వచ్చి మళ్లీ పట్టేస్తుంది. వైర్ బ్రష్‌తో త్రెడ్ మెరిసేదాకా రుద్దండి. సందుల్లో మట్టిని గోకి తీయండి. పది నిమిషాల పని, గంట కష్టం తప్పుతుంది.

2. ఆయిల్ పోసి వదిలేయండి: తుప్పు వదిలించే స్ప్రేలు బజార్‌లో దొరుకుతాయి. అవి లేకపోతే డీజిల్, కిరోసిన్ కూడా కొంత పని చేస్తాయి. ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి సన్నటి సందులోకి దిగదు. కావాల్సింది పల్చగా పాకే ఆయిల్. కానీ పోసిన ఐదు నిమిషాలకే పానా పట్టుకుంటే లాభం లేదు. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పోయండి. మధ్యలో సుత్తితో చిన్నగా తడుతుంటే తుప్పులో సన్నటి పగుళ్లు ఏర్పడి ఆయిల్ లోపలికి దిగుతుంది. రాత్రంతా ఆయిల్ చేసే పని పొద్దున నలుగురు చేయలేరు.

3. సరైన పానా వాడండి: డబుల్ ఎండ్ పానా నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది. స్క్రూ పానా ఇంకా వదులు. మొండి నట్టుకు ఆరు మూలల సాకెట్ కావాలి. అది లేకపోతే సరైన సైజు రింగ్ పానా. నట్టు మూలలు ఒకసారి అరిగాయంటే పని రెండింతలవుతుంది.

ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు రవ్వంత తిప్పి చూడండి. తుప్పు పట్టు విడిచిన చిన్న ‘టక్’ శబ్దం వస్తుంది. తర్వాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి కాస్త, మళ్లీ ముందుకి. ఒక్క దమ్మున లాగితే త్రెడ్ చిరుగుతుంది.

పానాకు పైపు తొడిగితే బలం పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల పానాకు 90 సెంటీమీటర్ల దాకా పైపు వస్తే అదే చేతి బలం మూడింతలవుతుంది. బోల్టు విరగడానికీ అదే కారణం. పైపు తొడిగినప్పుడు కుదుపు లేకుండా నిదానంగా లాగండి. పానా జారితే చేయి, తల ఎటు పోతాయో ముందే చూసుకోండి. మీ వైపు లాగడం మంచిది, అవతలికి నెట్టడం కాదు.

4. సుత్తి ఎక్కడ కొట్టాలి?: నట్టు పూర్తిగా తీసేసి బోల్టు కొన మీద కొడితే కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇక ఆ కన్నంలోంచి చచ్చినా రాదు. నట్టును బోల్టు కొసకు సమానంగా ఉంచి, దాని మీద ఇత్తడి లేదా రాగి కడ్డీ పెట్టి కొట్టండి. పక్కగా కొట్టాల్సి వస్తే, ఆ భాగానికి అవతలి వైపు బరువైన సమ్మెట ఆనించి ఇవతలి నుంచి చురుగ్గా కొట్టాలి. అప్పుడు దెబ్బ తుప్పుకు తగులుతుంది, బ్రాకెట్ వంగదు. కళ్లజోడు తప్పనిసరి. ఉక్కు మీద ఉక్కు కొట్టినప్పుడు ఎగిరే రవ్వ కంట్లో పడితే చూపు పోతుంది.

5. వేడి చేయాలంటే జాగ్రత్త: వేడికి ఉక్కు వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల కన్నం ఉన్న నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే కన్నం సుమారు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినడానికి చాలా తక్కువే, కానీ తుప్పు పట్టు వదలడానికి అది చాలు. అందుకే వేడి చేయాల్సింది నట్టును, లోపలి బోల్టును కాదు. బోల్టు వేడెక్కితే అదీ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

మంట పెట్టకూడని చోట్లు ఇవి. పట్టీల మీద వద్దు. కమాన్ పట్టీకి స్ప్రింగ్ గుణం వచ్చేది ప్రత్యేకంగా కాచి చల్లార్చడం వల్లే. ఎర్రగా కాలిస్తే ఆ గుణం పోతుంది, తర్వాత లోడు మీద అక్కడే విరుగుతుంది. పట్టీ మీద వెల్డింగ్ కూడా ఇందుకే వద్దు. షాక్ అబ్జార్బర్ మీద అసలు వద్దు. లోపల ఆయిల్, చాలావాటిలో ఒత్తిడితో గ్యాస్ ఉంటాయి, పేలే ప్రమాదం ఉంది. రబ్బరు బుష్‌ను తగలబెట్టి తీయడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఆ పొగ విషం, పైగా ఆ వేడి తగిలేది మెయిన్ పట్టీ కంటికే. డీజిల్ ట్యాంకు, బ్రేక్ పైపులు, వైరింగ్ దగ్గర్లో ఉంటే మంట ఆలోచనే మానుకోండి.

ఇంకోటి, రాత్రంతా పోసిన ఆయిల్ అక్కడే ఉంటుంది. మంట పెట్టే ముందు పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. ఇసుక బకెట్ పక్కన ఉండాలి. గ్యాస్ పని అలవాటున్న వెల్డర్‌తోనే చేయించండి. ఇంటి వంట సిలిండర్‌తో ప్రయోగాలు వద్దు.

6. ఇక కోయడమే: ఇవన్నీ చేసినా కదలకపోతే మొండితనం వద్దు. నట్టును గ్రైండర్‌తో ఒక పక్క సగానికి పైగా కోసి, ఉలితో చీల్చవచ్చు. పిన్ను అయితే కంటికీ బ్రాకెట్‌కీ మధ్య సందులో రెండు వైపులా కోస్తే కట్ట విడిగా కిందికి వస్తుంది. బ్రాకెట్‌కి గాటు పడకుండా చూసుకోవాలి. నిప్పురవ్వలు ట్యాంకు వైపు ఎగరకూడదు. కంట్లో మిగిలిన బుష్‌ను మదనపల్లె, పుంగనూరు లాంటి చోట్ల ప్రెస్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్తే కొట్టకుండానే నొక్కి తీసేస్తారు.

సెంటర్ బోల్టు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకదాన్నొకటి నొక్కుకుని ఉన్న పట్టీలు బోల్టు ఊడగానే ఒక్కసారిగా విచ్చుకుంటాయి. రెండు పక్కలా క్లాంపులు బిగించాకే విప్పాలి, తర్వాత క్లాంపులను నెమ్మదిగా వదలాలి.

మళ్లీ బిగించేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

యూ బోల్టులు ఒకసారి విప్పాక కొత్తవే వేయాలి. పాతవి అప్పటికే సాగి ఉంటాయి, మళ్లీ బిగించినా పట్టు నిలవదు. యూ బోల్టు వదులైతే ఇరుసు జరుగుతుంది, సెంటర్ బోల్టు తెగుతుంది.

బోల్టు కొనేటప్పుడు తల మీద అంకె చూడండి. 8.8, 10.9 లాంటివి దాని బలాన్ని చెబుతాయి. పాతదాని మీద ఏ అంకె ఉందో అంతకు తగ్గకూడదు. మామూలు కడ్డీకి త్రెడ్ తీసి వేసిన బోల్టు సైజు సరిపోవచ్చు, బలం సరిపోదు.

రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆని, బండి తన ఎత్తులో నిలిచాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. బోల్టు మధ్య భాగానికి, అంటే త్రెడ్ లేని చోట, గ్రీజు పల్చగా రాస్తే వచ్చేసారి ఈ తంటా ఉండదు. యూ బోల్టు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఎంత బలంతో అనేది బండి కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఒకట్రెండు లోడ్లు తిరిగాక మళ్లీ తప్పకుండా బిగించి చూడాలి.

ఎప్పుడు చేతులెత్తేసి మెకానిక్‌ని పిలవాలి?

ముందు వైపు కాయిల్ స్ప్రింగ్ లేదా టార్షన్ బార్ ఉంటే సొంతంగా విప్పొద్దు. నొక్కి ఉన్న స్ప్రింగ్ వదిలితే తుపాకీ గుండులా ఎగురుతుంది. బ్రాకెట్ వంగినా, ఛాసిస్‌లో పగులు కనిపించినా, స్టీరింగ్ బాల్ జాయింట్లు విప్పాల్సి వచ్చినా షెడ్డుకే తీసుకెళ్లండి.

అసలు ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే..

ఎరువులు, పశువులు ఎత్తిన రోజు పైన మాత్రమే కాదు, కింద కూడా నీళ్లు కొట్టండి. గ్రీజు నిపుళ్లు తుడిచి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. విరిగిన పట్టీకి బదులు ఎక్స్‌ట్రా పట్టీ వేసి లోడు పెంచడం మన దగ్గర మామూలే. క్రేటు 25 కిలోలు అనుకున్నా వంద క్రేట్లు అంటే రెండున్నర టన్నులు. కట్ట గట్టిపడిందని ఇరుసు, బ్రేకులు, ఛాసిస్ గట్టిపడవు. ఆ బరువంతా వాటి మీదికే పోతుంది. ఆర్‌సీలో రాసి ఉన్న బరువే బండి మోయగలిగిన బరువు.

8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఎలాగూ ఆ టైమ్‌కి బండి కిందికి చూస్తారు. అదే పనిగా షేకిల్, యూ బోల్టులకు ఆయిల్ పోసి, ఒకసారి విప్పి బిగించి పెట్టుకుంటే సరిపోతుంది. టమాటా సీజన్ మొదలయ్యాక కాదు, సీజన్ రాకముందే. లోడు కోసం తోట దగ్గర జనం ఎదురుచూస్తున్నప్పుడు పట్టేసిన బోల్టుతో కుస్తీ పట్టడం కన్నా, పని లేని రోజు సాయంత్రం నాలుగు చుక్కల ఆయిల్ పోసి పడుకోవడం చాలా తేలిక.